మలుపులో టకటకమనే సీవీ జాయింటును విప్పి బాగుచేయవచ్చా?

ముందు చక్రం దగ్గర జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్ముతోందని, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటక వినిపిస్తోందని, సీవీ జాయింటు, అంటే చక్రం పక్కకు తిరిగినా షాఫ్టు దాన్ని తిప్పగలిగేలా చేసే గోళీల కీలు, విప్పి బాగుచేసుకోవచ్చా అని అడిగారు. మిర్యాలగూడలో మా షెడ్డుకు ఇలాంటి బండ్లు తరచూ వస్తుంటాయి. బూటు చిరగగానే వచ్చేవారు అరుదు. దేవరకొండ రోడ్డు దుమ్మంతా లోపలికి చేరి, శబ్దం మొదలయ్యాకే గుర్తొస్తాం.

విప్పవచ్చు. అయితే లోపల ఏం మిగిలిందో చూసుకోవడానికే విప్పుతున్నామని అనుకోండి.

హబ్ మధ్యలోని పెద్ద నట్టును బండి నేల మీద ఉండగానే, ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని వదులు చేయండి. జాకీ ఎక్కించాక దానితో కుస్తీ పడితే బండి మీ మీదకే వస్తుంది. చక్రాన్ని తిప్పే షాఫ్టును గేర్‌బాక్సు నుంచి లాగితే ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం పెట్టండి.

షాఫ్టును చెక్కముక్కల మధ్య వైసులో బిగించి, క్లిప్పులు కోసి, బూటు వెనక్కి జరపండి. చాలా కార్లలో లోపలి రింగును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమానంగా కొడితే జాయింటు జారి వస్తుంది. కొన్నింటిలో మాత్రం ముందు సర్‌క్లిప్పును, అంటే జాయింటును పట్టి ఉంచే స్ప్రింగు రింగును, ప్లయరుతో విప్పాలి. ఏ భాగం ఎలా కూర్చుందో పెయింటు చుక్కలతో గుర్తు పెట్టుకోండి. ఆపైన గోళీలను పట్టి ఉంచే కేజును ఒక పక్కకు బాగా వంచితే ఎదురు పక్క గోళీ బయటికి తేలుతుంది. అలా ఆరు గోళీలనూ ఒక్కొక్కటిగా తీసి, వరుస తప్పకుండా గుడ్డ మీద పెట్టండి. అరిగిన గోళీ తన గాడిలోకే తిరిగి వెళ్లాలి. తర్వాత కేజును నిలువుగా తిప్పితే, పెద్ద కిటికీలున్న వైపు నుంచి బయటికి వస్తుంది. బలవంతం చేయాల్సి వస్తోందంటే తిప్పిన కోణం తప్పన్నమాట.

కిరోసిన్‌తో కడిగి, ఆరాక గాడిలో గోరు పెట్టి గీయండి. గాడి మెరుస్తుంటే ఫర్వాలేదు. గోరు గుంటలో తట్టుకుంటే ఎంత గ్రీజు నింపినా వృథా, కొత్త జాయింటే వేయాలి. బయటి జాయింటు ఒక్కటే బూటు, క్లిప్పులు, గ్రీజు ప్యాకెట్టుతో కలిపి విడిగా దొరుకుతుంది, షాఫ్టు మొత్తం కొనమంటే వెంటనే ఒప్పుకోకండి. చట్రానికి కొట్టే మామూలు గ్రీజు మాత్రం వద్దు, మాలిబ్డినం కలిసిన నల్లని సీవీ గ్రీజే వాడాలి.

మీ బండికి శబ్దం మొదలైంది కాబట్టి గాడి పోయి ఉంటుందనే నా అనుమానం. బండి ఎలాగూ జాకీ మీద ఉంటుంది, రెండోవైపు బూటు మడతలు కూడా విప్పి చూడండి.