మేడ మీద నిలువు టర్బైన్ పెట్టొచ్చా? నేను పెట్టి చూశా

కొండల మీద గాలిమరలన్నీ మూడు రెక్కలవే ఎందుకుంటాయి, నిలువువి (నిలువు ఇరుసు చుట్టూ తిరిగేవి) ఏ వైపు గాలికైనా తిరుగుతాయి కదా, మేడ మీద ఒకటి పెడితే బిల్లు తగ్గుతుందా అని అడిగారు. అనంతపురం జిల్లా గాలిమరల సైట్లలో తొమ్మిదేళ్లు మెయింటెనెన్స్ చేశా, మా మేడ మీద నిలువుది కూడా పెట్టించా, అందుకే రాస్తున్నా.

నిలువువాటిలో సవోనియస్ అనేది డ్రమ్ముని నిలువునా కోసి రెండు ముక్కల్నీ కాస్త జరిపి బిగించినట్టుంటుంది, కొంచెం గాలికే కదులుతుంది గానీ స్పీడు రాదు. డారియస్ రకానికి స్పీడు వస్తుంది, కానీ చాలాసార్లు దానంతటది స్టార్ట్ అవ్వదు, పైగా ప్రతి చుట్టులో రెక్క మీద లోడు మారిపోతూ ఉంటుంది. కొండల మీద నిలువువి కనిపించకపోవడానికి ఇవీ కారణాలే.

మాది సవోనియస్, మీటరు వెడల్పు, మీటరున్నర ఎత్తు. ఆషాఢంలో ఊరి బయట నిలబడనివ్వని గాలి, మా మేడ మీదకొచ్చేసరికి వాటర్ ట్యాంకు, పక్కింటి గోడ తగిలి సుడులు తిరిగేది, గాలి స్పీడు కొలిచే మీటరు పెడితే సెకనుకి 4 మీటర్లు. మా టర్బైన్ సైజు మేరకి తగిలే ఆ గాలిలో ఉండే మొత్తం పవరే 58 వాట్లు, అందులో ఐదో వంతు దొరికిందనుకున్నా 12 వాట్లు, అంటే ఒక ఎల్ఈడీ బల్బు. ఎంత మంచి మెషీనైనా గాలిలో ఉన్న పవర్లో 59.3 శాతానికి మించి తీయలేదు, దాన్నే బెట్జ్ లిమిట్ అంటారు. అదే గాలి స్పీడు రెట్టింపైతే పవరు ఎనిమిది రెట్లవుతుంది, అందుకే ఎక్కువ గాలి అందేలా టవర్ అంత ఎత్తు కడతారు.

ఇక కొండల మీది పెద్దవాటిలో గేర్‌బాక్స్ ఉన్నవి, లేనివి (గేర్‌లెస్) అని రెండు రకాలు, అసలు తేడా అక్కడే ఉంది. గేర్‌బాక్స్ ఉన్నదాంట్లో రెక్కలు నిమిషానికి పదిహేనో ఇరవయ్యో చుట్లు తిరుగుతాయి, జనరేటర్‌కి వెయ్యి పైన కావాలి, మధ్యలో ఆ స్పీడు పెంచుతూ భారమంతా మోసేది గేర్‌బాక్సే. ఒకసారి ఆయిల్ ఫిల్టర్ విప్పితే అడుగున మెరుస్తూ ఇనప పొట్టు, వేళ్ల మధ్య రుద్దితే గరగరమంది, బేరింగ్ పోతోందని అక్కడే తెలిసిపోయింది, క్రేన్ దొరికి గేర్‌బాక్స్ దించేసరికి గాలి సీజనంతా అయిపోయింది, ఆ మెషీన్ ఆగి ఉండటం చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. గేర్‌లెస్ దాంట్లో రెక్కలే నేరుగా జనరేటర్‌ని తిప్పుతాయి కాబట్టి ఈ బాధ లేదు, కానీ జనరేటర్ చాలా పెద్దది, బరువు, ఖరీదు కూడా. నన్నడిగితే నాకు గేర్‌లెస్సే ఇష్టం.

మీ మేడకైతే సోలార్ పెట్టించండి. చేను దగ్గర అడ్డం లేని జాగా ఉంటే మాత్రం చిన్న మూడు రెక్కలది, చెట్ల కంటే బాగా ఎత్తున పోల్ వేసి పెట్టొచ్చు, కొనేముందు అదే ఎత్తులో మీటరు పెట్టి ఏడాదంతా గాలి రాసుకోండి, ఒక్క ఆషాఢం చూసి డబ్బు కట్టొద్దు.