విదేశీ సహోద్యోగులను మనవాళ్లు ఎలా చూస్తారు: పెనుకొండ ప్రాంతంలో నేను గమనించినది

బహుళజాతి కంపెనీలో చేరబోతున్న మీరు, అక్కడి విదేశీ సహోద్యోగుల పట్ల స్థానికులకు గౌరవం ఉంటుందా, అసూయ ఉంటుందా అని అడిగారు. అనంతపురం నుంచి కంపెనీ బస్సులో పెనుకొండ వైపు వెళ్లి, కార్లకు ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే ఒక కొరియన్ కంపెనీ క్వాలిటీ విభాగంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను కనుక చెబుతున్నాను. రెండూ ఉంటాయి. అయితే వాళ్ల జీతం మీది అసూయ కొన్ని నెలల్లో చల్లారుతుంది. నిర్ణయాల్లో మనకు చోటు లేదన్న బాధ మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

పెనుకొండ ప్రాంతంలోని ఎర్రమంచి దగ్గర కొరియా కార్ల కంపెనీ కియా కర్మాగారం పెడుతున్నట్లు 2017లో ప్రకటించారు. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. దాని వెంట అనుబంధ కంపెనీలు, వాటితో పాటు కొరియన్ ఇంజినీర్లు వచ్చారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది కూడా 2019లోనే. వేరుశనగ పంటనూ వాననూ నమ్ముకున్న కుటుంబాల నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి వచ్చిన పిల్లలకు ఈ కంపెనీలు తమవేనన్న భావన సహజంగానే కలిగింది. అందువల్ల విదేశీయుడి ప్రవర్తనను మరింత నిశితంగా గమనిస్తారు.

మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లు మనిషిని పనిని బట్టే కొలుస్తారు. ఒక రాత్రి షిఫ్టులో డోర్ ప్యానెళ్ల అంచున పలుచని ప్లాస్టిక్ పొర, మా భాషలో ఫ్లాష్, మిగిలిపోతూ రిజెక్షన్ పెరిగిపోయింది. అప్పుడు ఒక సీనియర్ కొరియన్ ఇంజినీరు గెస్ట్‌హౌస్ నుంచి వచ్చి, ఒక్కొక్క ప్యానెల్ అంచును బొటనవేలితో తడిమి చూసి, మోల్డ్‌ను, అంటే ప్లాస్టిక్‌ను పోతపోసే అచ్చును, తెరిపించి, రెండు భాగాలు కలిసే చోట పేరుకున్న మడ్డిని తానే గుడ్డతో తుడిచారు. ఆ తర్వాత ఆపరేటరు వేలిని పట్టుకుని ప్యానెల్ అంచు మీద నడిపించి, గరుకు ఎక్కడ తగులుతుందో చూపించారు. ఆ సమయంలో దుబాసీ లేడు, అవసరమూ పడలేదు. గోరంట్ల, రొద్దం నుంచి వచ్చే మా కుర్రాళ్లు ఆయనకు ఈనాటికీ ఎదురెళ్లి నమస్కారం పెడతారు. మరో అధికారి క్యాబిన్ దాటకుండా, లోపం ఉన్న ఫొటో మీద ఎర్రటి వలయం గీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. ఆయననూ సార్ అనే పిలిచేవారు, కానీ తప్పు జరిగితే ఆయనకు తెలియకుండా సర్దేసేవారు. నాణ్యతకు అంతకన్నా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

కార్యాలయంలో ఉండే ఇంజినీర్ల మనస్తాపం వేరు. కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మేము ఎనిమిదిన్నరకు హాజరు వేసుకునేసరికి అక్కడ మధ్యాహ్నం అవుతుంది కనుక, ప్రధాన కార్యాలయం ఇక్కడి కొరియన్లతో వాళ్ల భాషలో మాట్లాడి ప్రణాళికను మార్చేసి ఉంటుంది. మాకు చేరేది నిర్ణయమే, దాని వెనుకనున్న కారణం చేరదు. చాలామంది దీన్ని అహంకారంగా భావిస్తారు కానీ, ఇందులో కాలభేదం పాత్ర పెద్దది. ఒక మేనేజరు ఉదయం పది నిమిషాలు కేటాయించి ఏమి మారిందో, ఎందుకు మారిందో మాకు వివరించడం మొదలుపెట్టాక ఆ గుసగుసలు చాలావరకు ఆగిపోయాయి.

కొరియన్లకు పీఎఫ్ కోత లేదని క్యాంటీన్‌లో వినిపించే ఫిర్యాదును మీరు పట్టించుకోకండి. కొరియాతో మనదేశం చేసుకున్న సామాజిక భద్రత ఒప్పందం 2011 నుంచి అమలులో ఉంది. కంపెనీ పంపగా వచ్చి, స్వదేశంలో చందా కడుతున్నట్లు ధ్రువపత్రం చూపినవారికి ఇక్కడ కోత ఉండదు.

నన్ను ఎక్కువగా బాధించేది బదిలీలు. కొన్నేళ్లకు ఒకాయన వెళ్లిపోతారు, కొత్తాయన వస్తారు, పాత హామీలు ఎవరికీ గుర్తుండవు. అందుచేత మీరు చేరాక, మీటింగులో ఒప్పుకున్న ప్రతి విషయాన్నీ అదే రోజు మెయిల్‌లో రాసి, స్థానిక హెచ్ఆర్ మేనేజరుకు కూడా పంపండి. మా విభాగం వారిని శిక్షణకు కొరియా పంపుతామన్న మాటను అలా రాసిపెట్టినందువల్లే, తర్వాత వచ్చిన అధికారి దాన్ని కాదనలేకపోయారు. ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు వెళ్లివచ్చి ఇప్పుడు మోల్డ్‌ల నిర్వహణ చూస్తున్నారు.