పండగ సెలవు జీతం: చేరేముందే అడగాల్సిన సంగతులు

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. శ్రీసిటీలో రెండు కంపెనీలు రమ్మంటున్నాయి. ఒక చోట అప్రెంటిస్‌గా, ఇంకో చోట కంపెనీ ట్రైనీగా. రెండో కంపెనీలో పనిచేసే మా బంధువుల కుర్రాడు భోగి రోజు డ్యూటీకి వెళ్లలేదని సంక్రాంతి సెలవు జీతం కూడా కట్ చేశారట. యూనియన్ ఒప్పందంలోనే అలా ఉందంటున్నారు. ఇది న్యాయమేనా? అబ్బాయిని ఎక్కడ చేర్పించమంటారు?

జవాబు: నమస్కారమండీ. ఏడాదికి ఎన్ని సెలవులిస్తారని చాలామంది అడుగుతారు. ఆ సెలవు జీతం ఎవరికి వస్తుంది, ఏ షరతు మీద వస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. మీరు అడిగారు, సంతోషం.

ముందు మీ బంధువుల అబ్బాయి సంగతి చూద్దాం. రోజుకి 600 రూపాయలు అనుకోండి. భోగి రోజు రాలేదు, ఆ 600 పోయాయి. దాని గురించి పేచీ లేదు. పే స్లిప్‌లో మాత్రం జీతం లేని రోజులు 2 అని పడింది, 1,200 కోత. పండగ సెలవుకి ముందు పనిదినం, తర్వాతి పనిదినం హాజరైతేనే సెలవు జీతం అనే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. కుర్రాళ్లు దీన్నే శాండ్‌విచ్ రూల్ అంటారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, పండగకి ముందూ వెనకా సగం మంది ఊళ్లకి వెళ్లిపోతే లైన్ నడవదు కాబట్టి యాజమాన్యం ఈ షరతు అడుగుతుంది. ఆ ఇబ్బంది నిజమే. అయినా షరతుకి హద్దు ఉండాలి.

ఆ హద్దు చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకూ సంస్థలకూ 1974 నాటి జాతీయ, పండగ సెలవుల చట్టం ఉంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి జాతీయ దినాలతో పాటు కొన్ని పండగలకి జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు జీతమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతమిచ్చి బదులు సెలవైనా ఇవ్వాలి. వీటికి మించి యూనియన్ మాట్లాడి సాధించుకున్న సెలవులు వేరు. అలాంటి అదనపు సెలవుకి హాజరు షరతు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. చట్టం ప్రకారం రావాల్సిన సెలవుకి చట్టంలో లేని షరతును ఒప్పందం తగిలించలేదు. కాబట్టి ఆ కంపెనీ సెలవుల జాబితాలో సంక్రాంతి ఏ కోవలో ఉందో ముందు కనుక్కోమనండి.

ఇంకో మాట. రాని కాలం ఎంతో అంత నిష్పత్తిలోనే జీతం కోయాలని 1936 వేతన చెల్లింపు చట్టం చెప్పింది, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. అలాగే సంపాదించుకున్న వార్షిక సెలవు పెట్టినప్పుడు మధ్యలో గానీ, మొదట్లో గానీ, చివర్లో గానీ పడిన పండగ సెలవుని ఆ లెక్కలో కలపకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మంజూరైన సెలవు మీద భోగికి ఇంటికెళ్లినవాడికీ, చెప్పాపెట్టకుండా మానేసినవాడికీ ఇక్కడే తేడా వస్తుంది. మీ బంధువుల అబ్బాయి ఈ రెంటిలో ఏది చేశాడో మీ ఉత్తరంలో లేదు. అసలు కీలకం అదే.

ఇక మీవాడి విషయం. అప్రెంటిస్‌గా చేరితే అతను 1961 అప్రెంటిస్‌ల చట్టం కిందికి వస్తాడు. ఆ చట్టం దృష్టిలో అతను కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు. వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. అయితే ఆ కంపెనీ పాటించే సెలవులన్నీ అతనికీ వర్తిస్తాయని 15వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టే అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ కూడా చేయించకూడదు. అందుకే ఈ రెంటిలో నా మొగ్గు అప్రెంటిస్‌షిప్ వైపే. ఒకటి మాత్రం చూసుకోండి: కాంట్రాక్టు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై ఉండాలి, దాని నంబరు మీ చేతికి రావాలి. నమోదు లేకుండా ఊరికే అప్రెంటిస్ అని పేరు పెడితే ఈ రక్షణ ఉందని నిరూపించుకోవడం కష్టం.

కంపెనీ ట్రైనీ అన్న మాటకి ఇలాంటి గట్టి పునాది లేదు. అతని హక్కులు ఎక్కువగా అపాయింట్‌మెంట్ లెటర్, స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ రాసిపెట్టుకున్న ఉద్యోగ నిబంధనలు), యూనియన్ ఒప్పందం మీద ఆధారపడతాయి. కార్మిక శాఖ రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందమైతే తర్వాత చేరే కార్మికులకీ వర్తిస్తుంది. యాజమాన్యం, యూనియన్ తమలో తాము రాసుకున్నదైతే సంతకం చేసిన పక్షాల వరకే. ఏ రకమైనా సరే, ‘కార్మికుడు’ అంటే ఎవరో ఒప్పందం మొదటి పేజీల్లోనే రాస్తారు. పర్మనెంట్ వాళ్లు మాత్రమే అని ఉంటే ట్రైనీకి ఆ అదనపు పండగ సెలవులు లేనట్టే. ప్రొబేషన్ పూర్తయ్యాకే అర్హత అని కూడా కొన్నిచోట్ల ఉంటుంది.

అదే కాగితంలో ఒక చిన్న మాట దగ్గర ఆగి చదవమనండి. ముందు రోజు ‘మరియు’ తర్వాతి రోజు అని ఉందా, ముందు రోజు ‘లేదా’ తర్వాతి రోజు అని ఉందా? మొదటి దానిలో ఒక్క రోజు తప్పినా సెలవు జీతం పోతుంది, రెండో దానిలో ఒక్క రోజు వచ్చినా నిలుస్తుంది. మంజూరైన సెలవు, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్, ఇంట్లో మరణం లాంటి వాటికి మినహాయింపు రాశారా? సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) వాళ్లకి పండగ రోజు ఎప్పుడు మొదలైనట్టు? పండగ వారాంతపు సెలవు రోజునే వస్తే బదులు రోజు ఇస్తారా? ఇవి అడిగితే ఉద్యోగం పోతుందని భయపడక్కర్లేదు. ఆఫర్ లెటర్ వచ్చాక, చేరే ముందు, హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టమనండి. నోటిమాట సమాధానం పండగ వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

ఈ ఒక్క షరతు చూసి ట్రైనీ ఉద్యోగం వద్దనుకోకండి. అక్కడ పర్మనెంట్ అయ్యే అవకాశం మెరుగ్గా ఉండి, మినహాయింపులు సరిగ్గా రాసి ఉంటే చేరనివ్వండి.

మీ బంధువుల అబ్బాయిని మాత్రం ఈ వారంలోనే పే స్లిప్, హాజరు వివరాలు, సెలవు అడిగిన మెసేజ్ ఉంటే దాని స్క్రీన్‌షాట్ తీసుకుని ముందు హెచ్‌ఆర్‌ని, తర్వాత యూనియన్ ప్రతినిధిని కలవమనండి. ఒప్పందంలో ఫిర్యాదుకి గడువు ఉంటే అది దాటకూడదు. అక్కడ తేలకపోతే ఆ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 600 రూపాయలకి ఇంత దూరం ఎందుకని అతను అనుకోవచ్చు, కానీ ఆ ఫ్యాక్టరీలో దసరా, ఉగాది కోతలు కూడా ఇదే లెక్కన పడతాయి.