రూమ్‌మేట్‌ని చూసి సైకాలజీ అంటోంది... ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతోంది. చిన్నప్పట్నుంచీ డాక్టర్ అవుతానన్న పిల్ల. రెండు నెలల క్రితం తన రూమ్‌మేట్‌కి అర్ధరాత్రి గుండెదడ, ఊపిరాడకపోవడం మొదలయ్యాయి. ఆ అమ్మాయి చదువు మానేసి ఇంటికెళ్లిపోయింది. అప్పట్నుంచి మా అమ్మాయి సైకాలజీ చదువుతానంటోంది. ఫోన్ తెరిస్తే అవే రీల్స్. ఇది తన సొంత ఆలోచన కాదని మా బాధ. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఇస్తామంటున్నారు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: పోల్చి చెప్తాను గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది కోర్సుల గొడవ కాదండీ. మా పిల్ల మనసు ఎవరో మార్చేశారన్న దిగులు. ముందు దాని సంగతి చూద్దాం.

డాక్టర్ అవుతానన్నది మాత్రం పూర్తిగా సొంత ఆలోచనేనా? మన ఇళ్లలో నాలుగేళ్ల పిల్ల మెళ్లో ప్లాస్టిక్ స్టెతస్కోప్ వేస్తాం. చుట్టాలొస్తే "పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అని అడుగుతాం. "డాక్టర్" అనగానే ముద్దులు పెడతాం. పదేళ్లు ఇదే జరిగితే దాన్ని "చిన్నప్పటి కల" అంటాం. రూమ్‌మేట్ వల్ల వస్తే మాత్రం "ప్రభావం". మొదటిది మీకు నచ్చింది, రెండోది నచ్చలేదు, తేడా అంతే.

బయటి ప్రభావం లేని నిర్ణయం ఎవరికీ ఉండదు. 1951లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు ఒక గదిలో కొందరిని కూర్చోబెట్టి, కార్డు మీది గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పమన్నాడు. చిన్నపిల్లలైనా చెప్పగలిగే ప్రశ్న. కానీ ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ఆయన మనుషులే, కావాలనే తప్పు చెప్పేవాళ్లు. ఆ ఒక్కరూ దాదాపు మూడోవంతు సార్లు కళ్లకు కనపడే నిజాన్ని వదిలి గుంపు మాటే అన్నారు. అదే గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్తే మాత్రం ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. సెక్షన్ మొత్తం నీట్ అంటున్న చోట మీ అమ్మాయి వేరే మాట అంటోంది. గుంపును చూసి మారిన పిల్ల అలా అనదు.

మీ అనుమానంలో నిజం కూడా కొంత ఉంది. కళ్లెదుట జరిగిన సంఘటన మనసులో ఉండాల్సినదానికంటే పెద్దదై కూర్చుంటుంది. తేలిగ్గా గుర్తొచ్చేదాన్నే ఎక్కువగా జరిగేదని లెక్కేస్తామని ట్వెర్‌స్కీ, కానెమన్ 1973లోనే చూపించారు. దాని మీద రీల్స్ తోడైతే చెప్పక్కర్లేదు. ఒకటి పూర్తిగా చూస్తే అలాంటివే పది వస్తాయి, లోకమంతా సైకాలజీయే అనిపిస్తుంది. అలాంటి వేడి కొన్ని నెలల్లో చల్లారొచ్చు, చల్లారకపోవచ్చు. చూడాల్సింది అదే.

వద్దని గట్టిగా కొట్టిపారేస్తే మాత్రం అది తేలదు. ఉన్న స్వేచ్ఛ లాక్కుంటున్నారనిపిస్తే మనిషికి ఆ పనే మరింత ఇష్టమవుతుంది. జాక్ బ్రెమ్ 1966లో దీనికి రియాక్టెన్స్ అని పేరు పెట్టాడు. ఫోన్ లాక్కున్న మర్నాటి నుంచి మీ అమ్మాయి సైకాలజీ కోసం చదువుతోందో, మీతో పోట్లాట కోసం చదువుతోందో తనకే తెలియదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పక్క మంచం మీద పిల్ల ఊపిరాడక గిలగిల్లాడుతుంటే మీ అమ్మాయి చూసింది. ఉత్తరంలో రాయితీ గురించి ఉంది గానీ, ఆ తర్వాత తను నిద్రపోతోందా, అన్నం తింటోందా అని ఎక్కడా లేదు. ముందు అది అడగండి, కోర్సు మాట ఎత్తకుండా. తనూ భయపడుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు సైకాలజీ. ఈ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి, కాబట్టి అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

రీల్స్‌లో కనపడేది మనసులు చదవడం, నేరస్థుల్ని పట్టుకోవడం. డిగ్రీ మొదటేడు ల్యాబ్‌లో ఉండేది కళ్లు ఎంత మోసపోతాయో కొలిచే ముల్లర్-లయర్ బోర్డు. బాణం మొనలు లోపలికి తిరిగిన గీత, బయటికి తిరిగిన గీత. రెండూ సమానమనిపించేదాకా ఒకదాన్ని జరపాలి, తేడా మిల్లీమీటర్లలో రాసుకోవాలి. పొడుగు నుంచి తగ్గిస్తూ కొన్నిసార్లు, పొట్టి నుంచి పెంచుతూ కొన్నిసార్లు. తర్వాత సగటు, ప్రామాణిక విచలనం. ఆపైన పీజీలో టీ-టెస్టులు, అనోవా లాంటి గణాంక లెక్కలు. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ తీసుకున్న పిల్లలు ఎక్కువగా ఇక్కడే బోర్లా పడతారు.

రెండో అనుమానం, అడ్డదారులు. మూడు నెలల్లో "సర్టిఫైడ్ కౌన్సెలర్", ఆరు నెలల్లో "లైఫ్ కోచ్" అంటూ ప్రకటనలు వస్తాయి. ఆ కాగితం గోడకి తగిలించుకోవడానికి పనికొస్తుంది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత ఉండి, దాని కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఉండాలి. లేకుండా చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం కింద ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో సైకాలజీ డిగ్రీ చేద్దామన్నా దారి మూసుకుంది. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, వద్దంది. ఎవరైనా ఇప్పటికీ అమ్మజూపితే డబ్బు కట్టకండి.

పాత దారి ఎంఏ తర్వాత రెండేళ్ల ఎంఫిల్. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ లాంటి చోట్ల సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఎంఫిల్‌ను దేశమంతా ఆపేసి, క్లినికల్ సైకాలజీకి 2025-26 దాకా మాత్రమే మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఎంఏ అయ్యాక ఎంఫిల్ చేస్తానని ఇప్పట్నుంచే లెక్కలు వేసుకోకూడదు. ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెస్తోంది. చేరే ముందు ఆ కాలేజీలో ఆ కోర్సుకి, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూడాలి. కాలేజీ బ్రోచర్ నమ్మొద్దు.

మీరడిగిన పోలిక. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు, తర్వాత సైకియాట్రీ ఎండీ మూడేళ్లు. లాంగ్‌టర్మ్ ఏడాది దానికి అదనం, సీటుకి హామీ లేదు. సైకాలజీలో డిగ్రీ, పీజీ, ఆపైన వృత్తి అర్హత కలిపి ఏడెనిమిదేళ్లు. అంటే అది దగ్గరి దారేం కాదు. మందులు రాసే అధికారం ఉండదు, మొదట్లో జీతాలు తక్కువ. మనసు జబ్బుల వైద్యమే కావాలంటే డాక్టర్ కావడమూ ఒక దారేనని మీ అమ్మాయికి ఎవరూ చెప్పినట్టు లేదు. డాక్టర్, సైకాలజీ అని రెండు వైపులా లాక్కుంటున్నారు గానీ, సైకియాట్రీలో రెండూ కలుస్తాయి.

ఏదో ఒకటి తేల్చే ముందు ఆరు వారాలు ఇవ్వండి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పుస్తకం నెట్‌లో ఉచితం. ఆదివారాలు రెండేసి గంటలు చాలు, ఇంటర్ చదువుకి అడ్డు రాదు. రెండో అధ్యాయంతో మొదలుపెట్టమనండి. అది పరిశోధన పద్ధతుల గురించి, పుస్తకంలో కాస్త చప్పగా ఉండేది. అది చదివాక కూడా "తర్వాతది చదవనా?" అంటే సంగతి ఉన్నట్టే. ఏ కౌన్సెలర్ దగ్గరికో వెళ్లి పక్కన కూర్చుని చూస్తాననే ఆలోచన మాత్రం వద్దు. వచ్చినవాళ్ల గోప్యత వల్ల ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో సెలవుల్లో వారం రోజులు సాయం చేస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఈలోగా ఒక్క గడువు మర్చిపోకండి. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీకి దరఖాస్తులు ఇంటర్ పరీక్షల హడావుడిలోనే, జనవరి-మార్చి మధ్య వచ్చి వెళ్లిపోతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ ఉంది. దరఖాస్తు చేసినంత మాత్రాన చేరాలని లేదు. తెలంగాణ డిగ్రీ కాలేజీల ప్రవేశాల దోస్త్ ఎలాగూ తర్వాత ఉంటుంది. నీట్ కూడా రాయనివ్వండి, తనకి అభ్యంతరం లేకపోతే.

ఇక ఆ రాయితీ. "ఇప్పుడే కడితేనే" అన్నదీ బయటి ప్రభావమేనండీ, మీ మీద. నీట్ ఫలితం రాకముందే లాంగ్‌టర్మ్ ఫీజు ఎందుకు? చేరకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఎంత కోసుకుంటారు, కాగితం మీద రాసిస్తారా అని రేపు ఫోన్ చేసి అడగండి. రాసివ్వలేమంటే ఆ రాయితీ మీకక్కర్లేదు.