రెండు దయ్యం సినిమాలు కలిసిపోయాయి తమ్ముడూ

నువ్వు చిన్నప్పుడు కడపలో కేబుల్ టీవీలో చూశానంటున్నది ఒక సినిమా కాదు తమ్ముడూ, రెండు. సినిమాహాలంతా ఖాళీ అయిపోయి హీరోయిన్ ఒక్కతే మిగిలే సీను, కారు కింద పడి చచ్చిన పిల్లి మళ్లీ రావడం, ఇవి 1992లో వచ్చిన రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లోవి. స్మశానం మీద కట్టిన ఇల్లు, జయసుధ, జేడీ చక్రవర్తి అయితే 1996 నాటి 'దెయ్యం'. అదీ వర్మదే కాబట్టి కలిసిపోయి ఉంటాయి.

ముందు 'రాత్రి' చూడు. ఓంపురి మంత్రగాడిగా బాగా చేశాడు కానీ రేవతి ముందు ఎవరూ ఆగరు, అంతసేపూ మన పక్కింటి పిల్లలా ఉన్న మనిషి చూపు ఒక్కసారిగా మారిపోతుంటే గుండె జారిపోతుంది, అంత నటన నేను వేరే దయ్యం సినిమాలో చూడలేదు. వెతికేటప్పుడు 'తెలుగు' అని కూడా కొట్టు, లేకపోతే ఇదే సినిమా హిందీలో తీసిన 'రాత్' వస్తుంది.