బాలి దీవికి వెళ్తున్న చిట్టికి, పెద్దమ్మ రాసేది

కడప

చిట్టీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసింది. నువ్వు బెంగళూరు ఇల్లు ఖాళీ చేసి బాలి దీవికి వెళ్తున్నావట, పగలు నీ ఉద్యోగం కంప్యూటర్లో చేసుకుంటూ మిగతా వేళల్లో అక్కడి వీధికుక్కలను చూసుకునే వాళ్ళతో తిరుగుతావట. చెబుతూ ఏడ్చింది. "నీ పోలికే వచ్చింది అక్కా" అని నన్ను నిందించింది. ఆ నింద విని రాత్రంతా నిద్ర పట్టలేదు. దిగులు ఎంత ఉందో సంతోషమూ అంతే ఉంది.

నీ ఆరో ఏట వేసవి సెలవులకు వచ్చినప్పుడు సంగటి ముద్ద పట్టుకుని వీధి మలుపు దాకా నా వెనకే నడిచేదానివి. కుంటి ఎర్రకుక్క ఒకటి నీ చేతిలోది తిని వేళ్ళు నాకింది. నేను నీ చెయ్యి లాగి పంపు కింద పెట్టి, తోలు ఎర్రబడేదాకా సబ్బుతో తోమాను. నువ్వు అలిగి ఆ పూట అన్నం మానేశావు. ఎందుకంత గట్టిగా తోమానో ఇన్నేళ్ళలో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

ముందు చిన్న సంగతులు. సందర్శకుల వీసా మీద వెళ్ళి పని చేయడం, అది జీతం లేని సేవ అయినా, చిక్కు తెచ్చిపెట్టవచ్చు. ఏ వీసా కావాలో బయలుదేరక ముందే తేల్చుకో. తిరుగు టికెట్టు డబ్బు విడిగా దాచుకో, ఏ కుక్క వైద్యానికైనా సరే అందులోంచి తీయకు. సముద్రంలో దిగకు. మనది సముద్రం లేని జిల్లా. 2001లో బుగ్గవంక పొంగితేనే ఊరు ఏమైపోయిందో నేను చూశాను. నీ స్నేహితులందరూ ఈదినా నువ్వు గట్టు మీదే కూర్చో.

ఇక టీకా. ఇది అన్నిటికంటే ముందు జరగాలి. రేబిస్ టీకా కుక్క కరిచాక వేయించుకునేది మాత్రమే అనుకుంటారు. కుక్కల మధ్య పని చేసేవాళ్ళు ముందే వేయించుకోవాలి. మొదటి సూది వేసిన రోజు నుంచి లెక్కపెట్టి 7 రోజులకు రెండోది, 21 లేక 28 రోజులకు మూడోది. అంటే నీకు నెల రోజులు కావాలి, టికెట్టు దానికి తగ్గట్టు తీసుకో. అవి పడి ఉంటే, తర్వాత ఎప్పుడైనా కరిచినా ఆ రోజు ఒకటి, 3 రోజులకు ఒకటి, రెండు సూదులతో సరిపోతుంది. గాయంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఆ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు, అక్కర్లేదు. ముందుగా టీకా లేనివాళ్ళకు అది కావాలి, అదేమో ఖరీదైనది, అడిగిన చోటల్లా దొరకదు. పన్ను గీరుకున్నా, పుండు మీద నాకినా, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడుగు. 15 నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ రాయకు. కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

నేను పసుపు రాశాను చిట్టీ. నర్సునై ఉండి రాశాను.

అది 1986 ఎండాకాలం. అప్పుడు మేమున్న వీధిలో ఏడు కుక్కలుండేవి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు మలుపు దగ్గర నుంచి ఇంటి దాకా నాకు తోడు వచ్చేవి. వీధిలో కొందరికి అవి గిట్టవు. పట్టించి పంపేద్దామని మాట వచ్చినప్పుడు నేను అడ్డుపడి, "వీటి పూచీ నాది" అన్నాను. నర్సమ్మ మాట కదా అని ఊరుకున్నారు.

బుగ్గవంక గట్టున దొరికిన కుక్కపిల్లను ఒకదాన్ని ఇంటికి తెచ్చాను. రెండు నెలలది. గంప కింద మూసి పాలు పోసేదాన్ని. అంత పసిదానికి ఆ జబ్బు ఉండదని జనం అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. మూడో రోజు పక్కింటి పిల్లవాడు, ఏడేళ్ళవాడు, గంప ఎత్తి దాన్ని తీయబోతే మణికట్టు మీద పన్ను దిగింది. ఆవగింజంత ఎర్రటి చుక్క, అంతే. పసుపు రాశాను. బెల్లం ముక్క చేతిలో పెట్టి, "మీ అమ్మకు చెప్పకు నాన్నా" అన్నాను.

మరునాటికి ఆ కుక్కపిల్ల పాలు ముట్టలేదు. గంప ఈనెలను కొరికింది. తర్వాత కింది దవడ వేలాడిపోయి నోటి వెంట తీగలు తీగలుగా చొంగ కారింది. నాలుగో రోజు చచ్చిపోయింది. అది చూసి కూడా నాకు అర్థం కాలేదంటే అబద్ధం అవుతుంది. అర్థమైంది. రాత్రిపూట గొయ్యి తీసి వేపచెట్టు కింద పూడ్చాను. చెబితే వీధివాళ్ళు ఆ ఏడింటినీ బతకనివ్వరు, నా పూచీ మాట పోతుంది. అందుకని దాచాను. పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నాడు కదా అని రోజూ గోడ మీదుగా చూసి నాకు నేను చెప్పుకున్నాను.

తొమ్మిదో రోజున వార్డుకు ఒక రైతును తెచ్చారు. రెండు నెలల కిందట కుక్క కరిచిందట, నాటుమందు కట్టించుకున్నాడట. చీకటి గదిలో పడుకోబెట్టారు. దాహం, దాహం అంటాడు. గ్లాసు అందిస్తే రెండు చేతులా పట్టుకున్నాడు. నీళ్ళు పెదవిని తాకకముందే గొంతు బిగుసుకుని గ్లాసు ఎగిరి నా చీర మీద పడింది. ఫ్యాను గాలి తగిలినా ఒళ్ళు విల్లులా వంగిపోతోంది. తెలివి మాత్రం పూర్తిగా ఉంది, తన ఎద్దులకు మేత వేశారా అని అడుగుతున్నాడు. లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ దాదాపు లేనట్టే.

తడి చీరతోనే ఇంటికి పరుగెత్తి ఆ పిల్లవాడి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుని నా వంక చూసింది, అంతే.

అప్పట్లో మనకు దొరికింది గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాత టీకా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. దానివల్ల అరుదుగా పక్షవాతం కూడా వచ్చేది. 2005 నాటికి దాన్ని దేశమంతా మానేశారు. ఆ పద్నాలుగూ నా చేత్తోనే వేశాను. నేనూ వేయించుకున్నాను. నాలుగో రోజు నుంచి వాడు గుమ్మంలో నన్ను చూడగానే తనే చొక్కా పైకెత్తి కళ్ళు మూసుకునేవాడు. సూదులు అయిపోయాక కూడా ఏడాది పాటు పొద్దున్నే వాడు నీళ్ళు తాగుతున్నాడో లేదో చూడనిదే డ్యూటీకి వెళ్ళలేదు.

వాడికేమీ కాలేదు. ఆ కుక్కపిల్లది రేబిసో మరొకటో నేను ఎప్పటికీ తెలుసుకోలేను, దాని తలను పరీక్షకు పంపకుండా పూడ్చేశాను కదా. ఇప్పుడు వాడి పిల్లలు కాలేజీలో చదువుతున్నారు. పండగకు వచ్చి పలకరిస్తాడు. మంచినీళ్ళు ఇచ్చి, వాడు గ్లాసు ఖాళీ చేసేదాకా నేను కదలను.

ఆ ఏడు కుక్కలు? నేను చెప్పిన మూడో రోజు రాత్రి మాంసం ముక్కల్లో విషం కలిపి పెట్టారు. తెల్లవారేసరికి మలుపు దగ్గర ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే, ఆ పిల్లను వేరుగా ఉంచి, మిగతావాటికి టీకా వేయించి, వీధిని ఒప్పించి ఉండేదాన్నేమో. తొమ్మిది రోజులు దాచాక నా మాట ఎవరు నమ్ముతారు?

నువ్వు వెళ్ళే దీవి కూడా ఈ బాధ పడిందే. 2008 దాకా బాలిలో రేబిస్ లేదు. బయటి దీవి నుంచి పడవలో తెచ్చిన కుక్కతో వచ్చిందంటారు. మనుషులు చనిపోవడం మొదలయ్యాక భయంతో స్ట్రిక్నిన్ విషం పెట్టి వేల కుక్కలను చంపారు. జబ్బు ఆగలేదు. చచ్చినవాటిలో టీకా పడ్డవీ ఉన్నాయి, వాటి స్థానంలో జనం టీకా లేని కొత్త కుక్కపిల్లలను తెచ్చుకున్నారు. 2010లో దీవి మొత్తం టీకాలు మొదలుపెట్టాకే మరణాలు తగ్గాయి. నూటికి 70 కుక్కలకు టీకా పడితే జబ్బు పాకడం ఆగుతుంది. కాబట్టి నువ్వు ఎన్ని ముద్దలు పెట్టావని కాదు, ఎన్నిటికి టీకా వేయించావని నన్ను అడగనివ్వు. ఆడకుక్కలకు ఆపరేషను కూడా, 63 రోజులకల్లా పిల్లలు పెట్టేస్తాయి. బడిదారిలో, బండ్లు తిరిగే చోట తిండి పెట్టకు, తిన్న చోటును అవి కాపలా కాస్తాయి.

ఇంకొకటి. అక్కడ వీధిలో తిరిగే కుక్కల్లో చాలావాటికి ఇల్లు ఉంటుంది, తాడు మాత్రం ఉండదు. బక్కగా కనిపించిందని ఎత్తుకుపోతే దొంగతనం అంటారు, సరిగానే అంటారు. ప్రతి ఊరికీ బంజార్ అని ఒక కట్టు ఉంటుంది, మన రచ్చబండ లాంటిది. దిగిన వారంలోనే అక్కడికి వెళ్ళి కూర్చో, నువ్వెవరో చెప్పు. వాళ్ళ మాట నేర్చుకో. 1820లో మన కడపకు వచ్చిన బ్రౌన్ దొర పండితులను దగ్గర పెట్టుకుని మన మాట నేర్చుకున్నాడు, అందుకే ఆయన బంగళా ఉన్న చోట ఈ రోజుకీ ఆయన పేరున గ్రంథాలయం ఉంది. గుమ్మాల ముందు చిన్న కొబ్బరాకు బుట్టల్లో పూలు, మెతుకులు దేవుడికి పెడతారట. నీ కుక్కలు వాటి మీద పడితే నువ్వే క్షమాపణ అడుగు.

మన ఉగాది దరిదాపుల్లోనే వాళ్ళ కొత్త సంవత్సరం, న్యేపి. ఆ రోజంతా దీపం వెలగదు, ఎవరూ గడప దాటకూడదు. కుక్కల కోసమని దాటకు. ముందు రోజే తిండీ నీళ్ళూ అమర్చు. ఆ ముందు రాత్రి ఊరేగింపు చప్పుళ్ళకు అవి బెదురుతాయి, పిరికివాటిని లోపల కట్టు.

కొన్ని నీ ఒడిలోనే పోతాయి. అప్పుడు ఏ వేళైనా సరే నాకు ఫోను చెయ్యి, ఈ వయసులో నిద్ర పెద్దగా లేదు. కరిస్తే కూడా చెయ్యి. అమ్మ భయపడుతుందని దాచకు, వాళ్ళు నిన్ను పంపించేస్తారని దాచకు, ఆ కుక్కను ఏమైనా చేస్తారని అసలే దాచకు. ముందు పక్కనున్న వాళ్ళకు చెప్పు, తర్వాత నాకు. కరిచిన కుక్కను పది రోజులు వేరుగా ఉంచి కనిపెట్టమను.

ఆదివారం మీ అమ్మ వచ్చినప్పుడు వేరుశనగ పొడి, కారప్పొడి, రాగిపిండి ఇచ్చి పంపుతాను. సంచి అడుగున రెండు సబ్బు బిళ్ళలు ఉంటాయి. అవి స్నానానికి కాదు.

నీ పెద్దమ్మ