వారానికి ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టుకుంటాండావో రాసి చూడు అల్లుడూ

అల్లుడూ, మొన్న మీయమ్మ ఫోన్ చేసి పిల్లోడు ఇంటికొచ్చే యాలకి రాత్రి 9 అవతాండాది, సంగటి ముద్ద చేతిలో పెట్టుకోనే కునుకు తీస్తాండాడు అని చెప్పినప్పట్నుంచి నా మనసు మనసులో లేదురా. నువ్వు కారు కొన్నప్పుడు అందరికంటే ముందు సంబరపడింది నేనే, కాబట్టి ఈ మాట చెప్పాల్సింది కూడా నేనే.

తిరుపతి నుంచి చిత్తూరు ఆఫీస్‌కి రోజూ కారులో పోయొస్తాండావు, ఎప్పుడడిగినా "70 కిలోమీటర్లే కదా మామా, హైవేనే కదా" అంటావు. కిలోమీటర్ల లెక్క టైర్లకి, ఆయిల్‌కి. మనిషికి గంటల లెక్క. తిరుమల కొండకి పోయే బండికి చూడు, అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కంటే ముందే పోయినా, దిగేటప్పుడు 40 నిమిషాల లోపలే వచ్చేసినా ఊరుకోరు, ఆడ చూసేదంతా టైమే.

నువ్వు చేయాల్సింది ఒకటే పని. చిన్న నోట్‌బుక్ ఒకటి కారులో పెట్టుకో, తాళం తిప్పిన టైము, బండి లాక్ చేసిన టైము, ఈ రెండే రాయి, వారం రోజులు ఒక్క ట్రిప్పు కూడా వదలొద్దు. టోల్‌గేట్ కాడ నిలబడింది, చిత్తూరులో ఆఫీస్ దగ్గర చెట్టునీడ కోసం రెండు రౌండ్లు కొట్టింది, అన్నీ అందులోకే రావాల. నా లెక్కలో నీకు ఒక పక్క గంటా 40 నిమిషాలు, రోజుకి 3 గంటల 20 నిమిషాలు, 6 రోజులకి సరిగ్గా 20 గంటలు. ఇంక పాపని ట్యూషన్‌కి దించేది, లీలామహల్ సర్కిల్ దాకా పోయి పెరుగు ప్యాకెట్ తెచ్చేది, ఆదివారం తిరుచానూరు పోయొచ్చేది ఇవి మనకి డ్రైవింగ్ లాగా అనిపించవు, కానీ రాసి చూస్తే నీ గుండె గుభేలుమంటాది. నేను రాసినప్పుడు నాకట్లే అయింది.

బండి తోలి బతికేవాళ్లకి 1961లో చేసిన చట్టంలో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు, 5 గంటలు అయినాక కనీసం అరగంట రెస్ట్ ఇవ్వాల అని ఉండేది. జీతం తీసుకుని తోలేవాడికే ఆ హద్దు. నువ్వు ఆఫీస్ డ్యూటీ అంతా చేసి దానిమీద అందులో దగ్గర దగ్గర సగం తోలతాండావు, అదీ నీ డీజిల్ నువ్వే పోసుకుని.

నేను 30 ఏండ్లు ట్యాక్సీ తోలినా, సొంత బండి కాబట్టి నాకు ఏ హద్దూ లేకుండా పాయె. ఒక తెల్లవారుజామున మద్రాసు నుంచి ఎయిర్‌పోర్ట్ పార్టీని తెస్తా ఒక్క క్షణం కండ్లు మూసుకున్నా, ఎడమ చక్రం రోడ్డు దిగిపోయింది, లోపల చంటిబిడ్డ ఉండాది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బిడ్డ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది రా. మా అమ్మాయి పదో తరగతి ఎప్పుడు రాసిందో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు, ఆ బాధ వేరే.

అందుకని వారంలో 2 రోజులు బస్సెక్కు. తిరుపతి చిత్తూరు బస్సులకి కొదవలేదు, కిటికీ సీట్లో కూర్చుని నిద్రపోయినా ఎవరూ అడగరు. మీ మేనేజర్‌ని అడిగి ఒక రోజు ఇంట్లోనే పని చేసుకో, ఈ మాట అడిగేదానికి సిగ్గుపడొద్దు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో మాత్రం కారు తీయనే తీయొద్దు, తమిళనాడు బండ్లన్నీ కొండకి వస్తాయి. మామిడికాయల కాలంలో చిత్తూరు చుట్టూ తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందర బారులు తీరి ఉంటాయి, కొన్నిటికి వెనక లైట్ కూడా ఉండదు, చీకటి పడకముందే బయలుదేరు.

ఇంకొకటి, పర్సు వెనక జేబులో పెట్టుకుని తోలతాండావు, చూసినా నేను. దాన్ని తీసేయి. ఆ అలవాటే నా నడుముని పక్కకి లాగింది, ఇప్పుడు మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల. రాత్రిపూట ఆవులింత రెండోసారి వచ్చిందంటే బండి పెట్రోల్ బంకులో పెట్టేసి 20 నిమిషాలు పడుకో, మీయమ్మకి నేను చెప్పుకుంటా.

వచ్చే ఆదివారం ఆ నోట్‌బుక్ తీసుకుని ఇంటికి రా. మీ అత్త పప్పులుసు చేస్తాది, ఇద్దరం కూర్చుని గంటలు కూడదాం, నీ సీటు ఎత్తు కూడా నేనే చూసి సరిచేస్తా.

మీ మామ